గోడ మీద ఇడితాల్ వేయించవచ్చా?

మేం ఒడిశాలోని గుణుపూర్‌లో ఉంటాం, సవర గిరిజనుల ఊళ్ళు దగ్గరే. మా వదిన కొత్తింటి హాల్లో అందంగా ఉంటుందని ఇడితాల్ బొమ్మ వేయిస్తానంటోంది. నాకైతే టెన్షన్‌గా ఉంది. సవరలకు అది అలంకారం కాదు కదా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, చనిపోయిన పెద్దల్లో ఎవరు పట్టారో కుడాన్ (సవర పూజారి) గానీ కుడాన్‌బోయ్ (పూజారిణి) గానీ పూనకంలో కనుక్కుని చెబితే, ఆ ఆత్మ వచ్చి ఉండేందుకు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇల్లు అది. కల్లు పెట్టి మరీ పిలుస్తారు. గుడ్డ మీద వేసి అమ్మేవి వేరే సంగతి, వాటిలోకి ఎవరినీ పిలవరు.

సవరలెవరైనా ఉంటే చెప్పండి, పూజ లేకుండా ఊరికే గోడ మీద వేయిస్తే మీ పెద్దలు బాధపడతారా? వేయించినా ఏ బొమ్మలు వదిలేయాలి? వదిన నా మాట వినదు, మీరు చెప్తే వింటుంది.