ప్రెస్‌లో ఉద్యోగాల కోత: మీ దగ్గర ముందు ఎవరి మీద పడింది?

ప్లేట్‌రూమ్: మా ప్రెస్‌లో పునర్‌వ్యవస్థీకరణ అని నోటీసు పెట్టారు. రెండు షిఫ్టులు ఒకటి చేస్తారట, ప్రీప్రెస్ (అచ్చుకు ముందు పేజీలు, ప్లేట్లు తయారుచేసే పని) మొత్తం ఇంకో యూనిట్‌కి పోతుందట. ఇది చూసినవాళ్లు చెప్పండి, ముందు ఎవరిని తీశారు? మిగిలినవాళ్ల పరిస్థితి ఏంటి?

పాత ఆఫ్‌సెట్: ముందు దెబ్బ ప్రీప్రెస్‌కే తమ్ముడూ. సీటీపీ రాగానే కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటే వచ్చేస్తోంది. దాంతో కెమెరా, నెగెటివ్, పేస్టింగ్ సెక్షన్లు మూతపడ్డాయి. పేస్టింగ్ వదిలి డీటీపీ నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. ఇప్పుడు కస్టమరే పీడీఎఫ్ పంపుతున్నాడు, వాళ్లకూ పని తగ్గింది.

వెబ్‌మెషిన్: మెషిన్ మీద ఉన్నవాళ్లకి ఢోకా లేదని మా దగ్గర అనేవారు. కానీ ఆ మెషిన్లు తయారుచేసే కంపెనీల సంగతి చూడండి. మాన్‌రోలాండ్ 2011 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది, 2012లో వెబ్ విభాగం (కాగితం రీళ్ల మీద అచ్చువేసే మెషిన్లు) ఒకరికి, షీట్‌ఫెడ్ (విడి షీట్ల మీద అచ్చువేసేవి) ఇంకొకరికి అమ్ముడుపోయాయి. హైడెల్‌బర్గ్ 2020లో 2,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తామంది, అతిపెద్ద సైజు షీట్‌ఫెడ్ మెషిన్లు ఆపేసింది. డిజిటల్ అయితే భద్రం అనుకోవడానికీ లేదు. జిరాక్స్ 2024 జనవరిలో 15 శాతం సిబ్బందిని తగ్గిస్తామని ప్రకటించింది.

బైండింగ్‌సెక్షన్: మిగిలినవాళ్ల గురించి అడిగారు కదా. మనిషిని తీసేస్తారు, పని మాత్రం అక్కడే ఉంటుంది. మా దగ్గర హెల్పర్లని తీసేశాక ఫీడర్, డెలివరీ, ఇంకు అన్నీ ఆపరేటర్ ఒక్కడే చూసుకోవాలి. కలర్ మారిన సంగతి చూసేసరికి కట్టలకొద్దీ షీట్లు వేస్టు. అంతకంటే భయం, తొందరలో మెషిన్‌కి ఉండే రక్షణ గార్డు తీసేసి రోలర్లు తుడవడం. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, చెయ్యి పోతే ఏ కంపెనీ తిరిగి ఇవ్వదు.

కార్టన్: నేను పత్రికల ప్రింటింగ్ నుంచి ప్యాకేజింగ్‌కి మారాను. వార్త ఫోన్లో చదువుతారు, మందుబిళ్లలకి మాత్రం అట్టపెట్టె కావాలి. అయితే కొత్తగా నేర్చుకోవలసింది చాలా ఉంది: బోర్డు మందం, డై కటింగ్ (పెట్టె ఆకారానికి కోయడం), క్రీజింగ్ (మడత గీతలు వేయడం), గ్లూయింగ్. ఒకే షేడు ప్రతి లాటులోనూ రావాలి, లేదంటే సరుకు వెనక్కే. ఒక మెట్టు కింద చేరాల్సొచ్చింది, అయినా పని నిలకడగా ఉంది.

ప్లేట్‌రూమ్: థాంక్సండీ. స్వచ్ఛందంగా వెళ్తే కొంత ఇస్తామని ఒక కాగితం కూడా ఇచ్చారు. సంతకం పెట్టనా?

పాత ఆఫ్‌సెట్: ఆ రోజే పెట్టకు. ఇంటికి తెచ్చి, కార్మిక చట్టం తెలిసినవాళ్లకి చూపించు. "సొంత ఇష్టంతో రాజీనామా" అని ఉందా, నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు విడిగా రాశారా, చూసుకో.

కార్టన్: అనుభవ పత్రంలో ఏ మెషిన్, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది పేర్లతో రాయించుకోండి. నాకు "టెక్నీషియన్" అని ఒక్క మాట రాసిచ్చారు, కొత్తచోట అన్నీ మెషిన్ మీద చేసి చూపించాల్సొచ్చింది.