వెట్‌సూట్ వేసుకున్నా వణుకు ఆగట్లేదండీ, ఎందుకు?

లంకకుర్రోడు: అందరికీ నమస్కారమండీ. తెల్లారుజాము నుంచీ ఇదే గొడవ, విసుగొచ్చేసింది. సముద్రంలో దూరపు ఈతకని సాధన చేస్తున్నాను. ధనుర్మాసం చలికి గౌతమిలో దిగితే పళ్ళు టకటకలాడుతున్నాయని వెట్‌సూట్, అదేనండీ ఒంటికి బిగుతుగా వేసుకునే రబ్బరు ఈత తొడుగు, తీసుకున్నాను. దిగిన కాసేపటికే వీపంతా చల్లగా నీళ్ళు పారుతున్నాయి. చిరుగు లేదు, జిప్పు బానే పడుతోంది. ఎక్కడ అతికించాలో చెప్పండి.

కాలవగట్టు: సైజెంత? మందమెంత?

గోదారిమునక: బాబూ, అసలీ తొడుగులెందుకు? 1958లో మిహిర్ సేన్, మరుసటేడు ఆరతీ సాహా ఇంగ్లిష్ ఛానల్ ఈదింది మామూలు ఈత దుస్తుల్లోనే. ఇప్పటికీ ఆ ఈత సంప్రదాయంలో వెట్‌సూట్‌ని ఒప్పుకోరు. మన దగ్గర పడవల మీంచి మునిగి బకెట్లతో ఇసుక తోడేవాళ్ళు ఏం వేసుకుంటున్నారు? రోజూ దిగుతుంటే ఒళ్ళే అలవాటు పడుతుంది. అన్నట్టు లాకుల దరిదాపుల్లో మాత్రం ఈదకండి, అడుగున లాగేస్తుంది.

లంకకుర్రోడు: లాకుల దగ్గర కాదండీ, గౌతమిలో అన్నాను కదా. మందం 3 మిల్లీమీటర్లు. సంగతి నీళ్ళు కారడం గురించి.

యానాంతీరం: నీళ్ళు రావడం తప్పు కాదండీ. వెట్‌సూట్‌లోకి నీళ్ళు వస్తాయి. లోపల పల్చటి పొరలా చిక్కుకున్న ఆ నీళ్ళు ఒంటి వేడికి వెచ్చబడతాయి, అవే చలి నుంచి కాపాడతాయి.

కాలవగట్టు: నీళ్ళు కాపాడవు.

యానాంతీరం: మరింకేం కాపాడుతుందండీ?

కాలవగట్టు: సూట్ కుట్టే నియోప్రీన్ అనే నురగ రబ్బరులో ఉండే గ్యాస్ బుడగలు. నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి, వాటినే దుప్పటి అంటే ఎలా? 1952 ప్రాంతంలో ఈ వెట్‌సూట్‌ని రూపొందించిన హ్యూ బ్రాడ్నర్ చెప్పింది కూడా అదే: బుడగలుంటే చాలు, ఒళ్ళు తడిసినా ఫర్వాలేదని. లోతుకి దిగే డైవర్లకి ఇది బాగా తెలుసు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు నలిగిపోతాయి. సూట్ పల్చనై చలేస్తుంది. లోపలి నీళ్ళ పొర మాత్రం అలాగే ఉంటుంది మరి.

యానాంతీరం: సరే, బుడగలే అనుకుందాం. కానీ ఆ నీళ్ళు కదలకుండా ఉండాలి కదండీ? చెయ్యి విసిరినప్పుడల్లా వెచ్చబడ్డవి బయటికి పోయి కొత్త చన్నీళ్ళు లోపలికొస్తుంటే ఎంత మందమున్నా లాభం లేదు. నేను అంటున్నది అదే.

కాలవగట్టు: అందుకే సైజు అడిగింది. ఇంకా చెప్పలేదు.

లంకకుర్రోడు: ఎల్ అండీ. స్నేహితుడి దగ్గర తీసుకున్నాను, తను నాకంటే కాస్త భారీ మనిషి. లోపల కాలరున్న టీషర్టు ఎలాగూ ఉంటుంది కదా, లేకపోతే మెడ ఒరుసుకుపోతోంది.

యానాంతీరం: అయ్యో, ఆ ముక్క ముందే చెప్పాలండీ! మెడ పట్టీ చర్మానికి అంటుకుని ఉండాలి. మధ్యలో కాలరు మడత వస్తే నీళ్ళు ఆ సందులోంచే దిగుతాయి. ముందు టీషర్టు తీసెయ్యండి. వేసుకున్నాక నడుం దగ్గర, చంకల్లో పిడికెడు రబ్బరు చేతికొస్తోందంటే అది మీ సైజు కాదు, అతికించి లాభం లేదు.

గోదారిమునక: మెడ ఒరుపుకి వాజలీన్ రాస్తే సరి.

కాలవగట్టు: వద్దు. పెట్రోలియం సరుకు ఆ రబ్బరుకి మంచిది కాదు.

గోదారిమునక: కొబ్బరినూనెండీ పోనీ?

లంకకుర్రోడు: టీషర్టు తీసి రేపు చూస్తానండీ. థాంక్సండీ.

కడియంనర్సరీ: మా అబ్బాయి సూట్ మడతపెట్టి బీరువాలో ఉంచాం, మడతల దగ్గర అట్టలా బిగుసుకుపోయింది. మళ్ళీ మెత్తబడుతుందా అండీ?