హై అలర్ట్ మందులకు రెండో నర్సు సంతకం: ఉంచాలా, తీసేయాలా?

క్లాసు రూమ్
ప్రోటోకాల్ తిరగరాసే ప్రతి కమిటీలోనూ ఇదే పేచీ. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), గాఢ పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్, కీమో లాంటి, డోసు తప్పితే ప్రాణం మీదికి తెచ్చే హై అలర్ట్ మందులు ఇచ్చే ముందు రెండో నర్సు చూసి సంతకం పెట్టాలన్నది పాత నియమం. దీన్ని అన్ని ఇంజెక్షన్లకూ పెట్టాలని ఒక వర్గం, అసలుకే ఎత్తేయాలని ఇంకో వర్గం. మీరేమంటారు? కారణం రాయండి, ఊరికే అవును కాదు అనకండి.

నైట్ డ్యూటీ
ఎత్తేయాలి. కాగితం మీద ఉన్నది వేరు, జరిగేది వేరు. మొదటి నర్సు మందు లాగి, ఆంప్యూల్ (మందుండే చిన్న గొట్టం) చెత్త డబ్బాలో పడేసి, సిరంజి పట్టుకుని వచ్చి "హెపారిన్ 4800 యూనిట్లు, ఒక సంతకం పెట్టు సిస్టర్" అంటుంది. రెండో ఆమె చేతిలో రోగి నరానికి పెట్టే కాన్యులా, భుజానికీ చెవికీ మధ్య ఫోను. ఆమెకు కనబడేది నీళ్లలాంటి మందున్న సిరంజి. అందులో ఏముందో చెప్పడానికి మనకేమైనా దివ్యదృష్టి ఉందా? సంతకం మాత్రం పడుతుంది.

ఆడిట్ ఫైలు
మీరు చెప్పింది డబుల్ చెక్ కాదు, డబుల్ సంతకం. తప్పుగా చేస్తున్నారు కాబట్టి పద్ధతే తీసేయమంటే ఎలా? సరైన వరస ఇది. రెండో నర్సుకు మొదటి నర్సు లెక్క చూపించకూడదు, నోటితో చెప్పకూడదు. ఆర్డరు షీటు, రోగి బరువు, వయల్ (మందు సీసా) ఆమె ముందు పెట్టాలి. ఆమె వేరే కాగితం మీద డోసు, మి.లీ., మందును కొలిచి ఎక్కించే పంపు రేటు తేల్చాలి. ఆ తర్వాతే రెండు అంకెలూ పోల్చాలి. తేడా వస్తే ఇద్దరూ మొదటినుంచి. చివరికి బెడ్ దగ్గర చేతి పట్టీ, పంపు తెర చూసి, బ్యాగు నుంచి కాన్యులా దాకా ట్యూబును చేత్తో తడుముతూ రావాలి. "4800 కదా?" అని ముందే చెవిలో వేస్తే ఎదుటివాళ్ల కంటికి కూడా 4800 మాత్రమే కనిపిస్తుంది.

కాటన్ రోల్
30 బెడ్లకు రాత్రి ఒక్కరే ఉంటే ఆ రెండో నర్సు ఎవరండీ? గోడమీద క్యాలెండరా?

నైట్ డ్యూటీ
కాటన్ రోల్ గారికి దండం. @ఆడిట్ ఫైలు, మీ వరసలో తప్పు లేదు. నెమ్మదిగా చేస్తే 3, 4 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో రెండో నర్సు తన రౌండు మధ్యలో వదిలి వస్తుంది. మందు కలిపేటప్పుడు పిలిస్తే తప్పులు పెరుగుతాయని మీరే ఎర్ర జాకెట్లు తొడిగించి "మాట్లాడించకండి" అని రాయించారు. ఆ జాకెట్టు వేసుకున్న మనిషినే సంతకానికి పిలవమంటున్నారు!

ఫార్మసీ కిటికీ
మీ ఇద్దరి గొడవ మధ్యలో ఇన్సులిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు బలాల వయల్స్ ఒకే ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం నలుగురు సంతకాలు పెట్టినా ప్రయోజనం లేదు.

50 మి.లీ. సిరంజి పంపుకు 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ కలపాలి, మి.లీ.కి 1 యూనిట్ రావాలి. వయల్ యు-40 (మి.లీ.కి 40 యూనిట్లు) అయితే 1.25 మి.లీ., యు-100 (మి.లీ.కి 100) అయితే 0.5 మి.లీ. తీయాలి. చేతికి యు-40 వయల్, మి.లీ.ని 100 యూనిట్లుగా చూపే యు-100 సిరంజి దొరికాయనుకోండి. 50 గీత దాకా లాగితే వచ్చేది 0.5 మి.లీ., అంటే 20 యూనిట్లే. పంపు గంటకు 4 మి.లీ. అని చూపిస్తుంది, ఒంట్లోకి పోయేది 1.6 యూనిట్లు. షుగరు దిగదు. డాక్టరు 8కి పెంచమంటారు. కాస్త దిగుతుంది, అందరికీ ఊపిరి. డ్యూటీ మారాక వచ్చిన నర్సు కొత్త సిరంజిని సరిగ్గా కలుపుతుంది. రేటు 8 అలాగే ఉంది, ఇప్పుడు ఒంట్లోకి 8 యూనిట్లు. తెల్లవారేసరికి షుగరు బాగా పడిపోయి రోగి చెమటలు పట్టి మాట్లాడడు. దొరికేది ఎవరు? సరిగ్గా కలిపిన ఆమె.

ఆడిట్ ఫైలు
అదే కదా నేను చెప్పేది! మొదటి సిరంజి దగ్గరే రెండో నర్సు పట్టుకుని ఉండేది.

ఫార్మసీ కిటికీ
పట్టుకోదు. "50 యూనిట్లు" అని రాసి ఉంది, సిరంజిలో 50 గీత మీద ప్లంజరు ఉంది. రెండు 50లు కలిశాయి, సంతకం. యు-40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, యు-100కి నారింజ. రాత్రి లైటులో మూత తీసేశాక ఆ రంగు ఎక్కడుంటుంది? ఒకే బలం వయల్, దానికి సరిపోయే ఒకే సిరంజి వార్డులో ఉంచండి. రెండోది లోపలికే రానివ్వకండి. సంతకాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

సెలైన్ బాటిల్
100 మి.లీ. బ్యాగులో కలిపేవాళ్లు ముందు 20 మి.లీ. ట్యూబులోంచి వదిలేయాలి, ఇన్సులిన్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. అది కూడా ఎవరూ చేయరు.

క్లాసు రూమ్
నిజమే, కానీ అది ఇంకో చర్చ. ఫార్మసీ గారూ, ఇన్సులిన్ ఒక్కదానిమీదే కూర్చోకండి.

ఫార్మసీ కిటికీ
సరే, పొటాషియం. 15 శాతం ఆంప్యూల్ 10 మి.లీ.లో సుమారు 20 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియం కొలిచే లెక్క) మందు. చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్‌కు అన్నదమ్ముడు. వేలాడుతున్న బ్యాగులోకి గుచ్చి వదిలేస్తే అడుగున, సరిగ్గా ట్యూబు మొదలయ్యే చోట చేరుతుంది, మొదటి ధారలోనే గాఢంగా పోతుంది. బ్యాగు కిందికి దించి, పదిసార్లు తిరగామరగా వేసి కలపాలి. సంతకం ఆంప్యూల్‌కు పెడతారు, కలపడానికి కాదు. కలిపిన బ్యాగులే ఫార్మసీ నుంచి వస్తే ఈ బాధే లేదు.

నైట్ డ్యూటీ
రాత్రి పదింటికి మీ కిటికీ మూసేస్తారుగా! అప్పుడు బ్యాగులు ఎవరు కలుపుతారు? పేరుకే కిటికీ.

సరే, హెపారిన్ లెక్క చూడండి. 500 మి.లీ.లో 25000 యూనిట్లు, అంటే మి.లీ.కి 50. 60 కిలోల మనిషికి గంటకు కిలోకు 18 చొప్పున 1080 యూనిట్లు, పంపు 21.6. ఇద్దరు నర్సులూ విడివిడిగా వేశారు, ఇద్దరికీ 21.6 వచ్చింది. భేష్. కానీ 5 మి.లీ. వయల్స్‌లో మి.లీ.కి 5000 ఉండేదీ ఉంది, 1000 ఉండేదీ ఉంది. బ్యాగులో పడింది రెండోది. ఇప్పుడు రోగికి వెళ్లేది అయిదో వంతు. పంపు లెక్క ఎంత శుద్ధంగా ఉంటే ఏం లాభం? ఇంకోటి, ఆ 60 కిలోలు ఎవరు తూచారు? ఇద్దరూ అదే కేస్ షీటులోంచి ఎత్తి రాశారు. పౌండ్లలో రాసిన అంకె కిలోలుగా చదివితే డోసు 2.2 రెట్లు, రెండు సంతకాలతో సహా.

ఆడిట్ ఫైలు
వయల్ ముందు పెట్టుకుని చూడమని మొదటి పోస్టులోనే రాశాను. చదవకుండా వాదిస్తే నేనేం చేయను? 21.6 కొట్టబోయి చుక్క మర్చిపోయి 216 కొడితే బెడ్ దగ్గర రెండో కన్ను తప్ప ఎవరు ఆపుతారు? పది రెట్ల తప్పులు అక్కడే దొరుకుతాయి. పని ఎక్కువ, మనుషులు తక్కువ అన్నది ఎప్పుడూ ఉండే సాకే. చూడకుండా సంతకం పెట్టడం బద్ధకం. ఆ మాట అంటే అందరికీ కోపం.

నైట్ డ్యూటీ
బద్ధకమా? మంచిది. మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. డోసు తప్పయితే మీ విభాగం మొదట అడిగేది ఏమిటి? "వయల్స్ పక్కపక్కన ఎందుకున్నాయి?" కాదు. "పంపుకు గరిష్ఠ పరిమితి ఎందుకు పెట్టలేదు?" కాదు. రిజిస్టరు తెచ్చి "ఈ రెండో సంతకం ఎవరిది?" అని. ఒకరికి పోవాల్సిన మెమో ఇద్దరికి పోతుంది. రోగిని కాపాడటానికయితే ఆ గడిలో లెక్క ఉండాలి. మీ గడిలో పేరు మాత్రమే ఉంది. పేరు ఎందుకు కావాలో అందరికీ తెలుసు.

కాటన్ రోల్
ఇప్పుడొచ్చారు దారికి.

ఆడిట్ ఫైలు
...ఇది అన్యాయం. పేరు లేకపోతే ఎవరితో మాట్లాడి కారణం తెలుసుకోవాలి? అందరూ చూశారు అంటే ఎవరూ చూడలేదనే.

పాత ఇన్‌ఛార్జి
ఇద్దరూ ఆగండి. పేరు ఉండటం సమస్య కాదు, ఆ పేరుతో ఏం చేస్తారన్నదే సమస్య. మూడు రకాలు వేరు చేయండి. చెయ్యి జారి 216 కొట్టింది, అది పొరపాటు. ఆ మనిషికి ధైర్యం చెప్పి పంపు పరిమితి సరిచేయాలి. వార్డంతా చూడకుండా సంతకాలు పెడుతోంది, అది అలవాటైపోయిన అడ్డదారి. ఎందుకు అలవాటైందో కనుక్కుని నేర్పాలి. లెక్క తప్పని తెలిసీ పోనీలే అని ఇచ్చేసింది, దానికే శిక్ష. మొదటి రెండింటికీ మెమో ఇస్తే, రోగికి చేరకముందే దొరికిన తప్పులు మీ దాకా రావడం ఆగిపోతుంది. ఆ తర్వాత మీ ఫైళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా నమ్మలేం.

అన్ని ఇంజెక్షన్లకూ పాకించడం మాత్రం వద్దే వద్దు. పాంటాప్రజోల్ లాంటి ఎసిడిటీ మందుకు పెట్టే సంతకం హెపారిన్ సంతకాన్ని చంపుతుంది.

క్లాసు రూమ్
సరే. ముసాయిదా ఇలా మారుస్తున్నాను. రెండో సంతకం వీటికే: ఇన్సులిన్ ఇన్ఫ్యూజన్ (పంపుతో ఎక్కించేది), హెపారిన్ ఇన్ఫ్యూజన్, కీమో, పిల్లలకు ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటివి). పొటాషియం ఆంప్యూల్స్ వార్డు నుంచి బయటికి. రెండో నర్సు గడిలో సంతకం కంటే ముందు మూడు అంకెలు: వయల్ మీది బలం, ఆమెకు వచ్చిన మి.లీ., పంపు రేటు. "యూనిట్లు" అని పూర్తిగా రాయాలి. పొట్టిగా "యు" అని రాస్తే సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. 0.5కు ముందు సున్నా ఉండాలి, 5 తర్వాత చుక్కా సున్నా ఉండకూడదు.

ఫార్మసీ కిటికీ
ఒకే బలం ఇన్సులిన్ వయల్ అన్న మాట రాయలేదు.

క్లాసు రూమ్
రాస్తున్నాను బాబూ.

ఆడిట్ ఫైలు
అంకెల గడికి ఒప్పుకుంటాను. మెమో సంగతి ప్రోటోకాల్‌లో రాసేది కాదు, అది మేనేజ్‌మెంటు పని.

నైట్ డ్యూటీ
అయితే ఆ గడిలో కూడా పక్కావిడ అంకెలే దింపుతారు, రాసిపెట్టుకోండి. మెమో మాట రాసిన రోజు నన్ను ట్యాగ్ చేయండి.