డీజిల్ బండిలో పెట్రోల్ పడింది: ఫుల్ కొట్టించి పోనివ్వాలా, ట్యాంకు దించాలా?

మిర్చియార్డు_ఓనరు:
పొద్దున జరిగింది. తలా ఒకటి చెబుతున్నారు, అందుకే ఇక్కడ పెడుతున్నా. బండి 2021 మోడల్ బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ పికప్, 45 లీటర్ల ట్యాంకు. మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకి వస్తూ మా డ్రైవరు దారిలో బంకులో ఆపాడు. అప్పటికి ట్యాంకులో 20 లీటర్ల దాకా డీజిల్ ఉంది. బంకు కుర్రాడు పెట్రోల్ గన్ను పెట్టేశాడు. 7 లీటర్లు పడ్డాక మావాడు మీటర్లో రేటు చూసి కేకేశాడు. ఈలోపు వెనక బండివాడు హారన్ మోగిస్తుంటే స్టార్ట్ చేసి గాలి కొట్టేచోటికి తీసి పెట్టాడు. ఇంజన్ తిరిగింది నిమిషం కూడా ఉండదు.

బంకు మేనేజరు "మిగతా ట్యాంకంతా డీజిల్ ఊరికే కొట్టేస్తాం, కలిసిపోతుంది, వెళ్లిపోండి" అంటున్నాడు. మా మెకానిక్ ఫోన్లో "తాళం కూడా తిప్పొద్దు" అంటున్నాడు. లోడు ఎండలో నిలబడి ఉంది. ఎవరి మాట వినాలి? దించితే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఎర్రలారీ:
తమ్మీ, గింత దానికి ట్యాంకు దించుడెందుకు? ముప్పై ఏండ్లకెళ్లి స్టీరింగ్ మీద ఉన్న. సూర్యాపేట నుంచి ఢిల్లీ, అస్సాం అన్నీ తిరిగిన. చలికాలంల ఉత్తరాదికి పోతే ఆయిల్ గడ్డ కడతదని కిరసనాయిల్ కలిపినం, అది దొరకకుంటే పెట్రోల్ కూడా పోసినం. బండ్లు ఆగినయా? లేదు. మేనేజరు ఊరికే కొడతా అంటుండు గదా, ఫుల్ కొట్టించుకో, మెల్లగ పోనియ్యి. మెకానిక్‌లకు పనులు కావాలె, అందుకే బెదిరిస్తరు.

పంపుమేస్త్రి:
ఎర్రలారీ అన్నా, మీరు చెప్పేది అబద్ధం కాదు. కానీ అది ఈ బండి కాదు. విజయవాడ ఆటోనగర్లో డీజిల్ పంపుల పనే నాది, కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

మీ పాత లారీకి ఉన్నది మైకో కంపెనీ ఇన్‌లైన్ పంపు. అందులో క్యామ్ తిరిగే గది తడవడానికి ఇంజన్ ఆయిలే వస్తుంది. డీజిల్ కాస్త పలచబడినా ఆ పంపు ఓర్చుకుంటుంది. బీఎస్-6 బండిలో ఉండేది కామన్ రైల్ పంపు: ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ రైలు అనే ఒకే పైపులోకి డీజిల్ తోస్తుంది. దానికి అలాంటి వేరే ఆయిల్ లేదు. దాని లోపల తిరిగే ప్రతి ముక్కనీ తడిపేది ఆ డీజిలే. ప్రెజరు 1600 బార్, కొన్ని బండ్లలో 2000 దాకా. ముక్కకీ ముక్కకీ మధ్య సందు కొద్ది మైక్రాన్లు. అక్కడ డీజిల్ పొర ఉంటేనే ఇనుమూ ఇనుమూ తగలకుండా తిరుగుతాయి. పెట్రోల్ ఆ పొరని నిలవనివ్వదు. అరిగిన పొడి పంపులోనే ఉండిపోతే ఒక పంపుతో పోయేది. అది రైలు పైపులోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్ను పైపు దారిన మళ్లీ ట్యాంకులోకి చేరుతుంది. అప్పుడు వరసగా అన్నీ మార్చాలి, బిల్లు లక్షల్లోకి పోతుంది.

ఇంకోటి. ఆ రోజుల్లో డీజిల్లో గంధకం ఎక్కువ. బీఎస్-3లో 350 పీపీఎం (పది లక్షల పాళ్లలో 350) ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం. గంధకం తీసే పనిలో జిడ్డు గుణం కూడా చాలావరకు పోతుంది, దాన్ని మందు కలిపి సరిపెడతారు. అంటే ఇప్పటి డీజిల్ ముందే లెక్కకి సరిపడా మాత్రమే జిడ్డుతో వస్తోంది, అందులోంచి ఇంకా తగ్గించడానికి చోటు లేదు.

మేనేజరు చెప్పిన లెక్క చూడండి. 27 లీటర్లలో 7 పెట్రోల్ అంటే నూటికి 26 పాళ్లు. 45 నిండా కొట్టినా నూటికి 15 పైనే. "కలిసిపోయింది" అనడానికి అదేం చిన్న పాలు?

ఎర్రలారీ:
పదిహేను పాళ్లు పెద్ద లెక్కనా? మేం అంతకంటే ఎక్కువనే కలిపినం.

హిమాలయ_కాన్వాయ్:
ఆర్మీలో బండ్లు నడిపి రిటైరయ్యాను, ఊరు శ్రీకాకుళం జిల్లా. లద్దాఖ్‌లో కిరోసిన్ కలపడం నిజమే, చూశాను. ఆ అవస్థ చూసే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ అక్కడికి శీతాకాలపు డీజిల్ తెచ్చింది, మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అన్నగారు చెప్పే మిశ్రమం గతిలేక చేసిన పని. గుంటూరు ఎండలో దానికి లాభం ఏముంది?

బేరం_బండి:
నా ట్రాలీలో ఒకసారి 3 లీటర్లు పెట్రోల్ పడింది. ఫుల్ కొట్టించా, కాస్త పొగ వదిలింది, ఇంజన్ మిస్సయింది, తర్వాత మామూలే. ఇప్పటికీ తిరుగుతోంది. పుస్తకం జ్ఞానం కన్నా అనుభవం మేలు.

పంపుమేస్త్రి:
బండి ఏ సంవత్సరందో చెప్పు తమ్ముడూ.

బేరం_బండి:
2009.

పంపుమేస్త్రి:
అదీ సంగతి. అది బీఎస్-6 బండి కాదు. ఫుల్ కొట్టించి బాగున్నవాళ్లే ఇలా వచ్చి చెబుతారు. ఆగిపోయినవాళ్ల బండ్లు నా షెడ్డు ముందు ఉంటాయి, వాళ్లకి ఇక్కడ రాసే ఓపిక ఉండదు.

గోదారి_రైతు:
నాదో సందేహం. పెట్రోల్ తేలిక కదా, ఒక రాత్రి కదపకుండా ఉంచితే పైకి తేలదా? తెల్లారి కింద బోల్టు విప్పి డీజిల్ విడిగా పట్టుకోవచ్చు. మా ఊళ్లో ట్రాక్టరుకి అలాగే చేద్దామన్నారు.

పంపుమేస్త్రి:
తేలదండీ. రెండూ ఒకే ముడిచమురు బిడ్డలు, ఒకదాన్లో ఒకటి కరిగిపోతాయి. నెల రోజులు ఉంచినా విడిపోవు. విడిపోయేది వేరే ఉంది: ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో నూటికి 20 పాళ్లు ఇథనాల్. దానికి నీళ్లంటే ప్రేమ. ట్యాంకు అడుగున కాస్త నీరుంటే డీజిల్ని వదిలి నీటితో కలిసి కిందికి దిగుతుంది. పంపు పీల్చుకునేదీ అడుగు నుంచే. ఎర్రలారీ అన్న కలిపిన నాటి పెట్రోల్ వేరు, ఈ పెట్రోల్ వేరు.

మిర్చియార్డు_ఓనరు:
మేస్త్రి గారూ, ఇంజన్ నిమిషమే తిరిగింది కదా. నిమిషానికి చెంచాడు ఆయిల్ కూడా తాగదు. పెట్రోల్ పంపుదాకా వెళ్లి ఉంటుందంటారా?

పంపుమేస్త్రి:
ఇంజన్ తాగేది చెంచాడే, కానీ పంపు తిప్పేది చాలా ఎక్కువ. తాగినది పోను మిగతాది రిటర్నులో ట్యాంకుకే పోతుంది. కాబట్టి ఫిల్టర్ దాకా వచ్చే ఉంటుందనుకోవాలి. ఫిల్టర్లో ముందునుంచీ ఉన్న మంచి డీజిల్ అప్పటిదాకా కాపాడి ఉంటే మీ అదృష్టం. చాలా బండ్లలో తాళం ఆన్ చేయగానే ట్యాంకులో ఉన్న కరెంటు పంపు తిరుగుతుంది, మీ మెకానిక్ తిప్పొద్దన్నది అందుకే.

ఇప్పుడు చేయాల్సింది: బండిని తోసుకునో లాక్కునో షెడ్డుకి చేర్చండి. ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్చి, పైపులు కడిగించి, కొత్త డీజిల్ పోసి, పైపుల్లో చేరిన గాలి తీసి అప్పుడు స్టార్ట్ చేయండి. పాత ఫిల్టర్ పారేయనివ్వకండి, కోసి వెలుతుర్లో చూడండి. మెరిసే పొడి లేకపోతే గండం గడిచినట్టే.

ఒక్క మాట గట్టిగా చెబుతా. డీజిల్ షెడ్లలో మనవాళ్లకి నిప్పంటే భయం లేదు. చల్లటి డీజిల్లో బీడీ ముక్క పడితే ఆరిపోవడం చూసి పెరిగినవాళ్లు. నూటికి పాతిక పాళ్లు పెట్రోల్ కలిసిందంటే అది డీజిల్ కాదు, మామూలు ఎండకే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకి అవతల వెల్డింగు జరిగే చోటికి పోతుంది. మూసిన షెడ్డులో, గుంటలో దించొద్దు. ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. ప్లాస్టిక్ బకెట్లో పట్టొద్దు. పంపు పోతే డబ్బుతో పోతుంది, ఇది అలా కాదు.

ఎర్రలారీ:
నిప్పు సంగతి ఒప్పుకుంట. మిగతాదాంట్ల నీ మాట నీది, నా మాట నాది.

కడప_లెక్కలు:
ఓనరు గారూ, ఖర్చు సంగతికి వస్తా. మేనేజరు ఊరికే డీజిల్ కొట్టడం మంచితనం అనుకుంటున్నారేమో. పదిహేను, ఇరవై లీటర్లతో వాళ్ల సంగతి ముగిసిపోతుంది. వారం తర్వాత పంపు పోతే "మా దగ్గర బాగానే వెళ్లింది" అంటారు.

ముందు ప్రింటు బిల్లు తీసుకోండి. ఫోన్లో డబ్బు కట్టిన మెసేజీ చాలదు, అందులో ఏం కొట్టారో ఉండదు. బిల్లులో పెట్రోల్ అనీ, పంపు నంబరూ, టైమూ ఉంటాయి. సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని రాసి ఇచ్చి, బంకులో ఫిర్యాదుల పుస్తకం అడిగి అందులోనూ రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బంకువాళ్లు దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్.

ఇక్కడో మెలిక ఉంది. 2019 చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. అయితే సొంత కష్టంతో బతకడానికి మాత్రమే వాడుకుంటే మినహాయింపు. ఒక్క బండి కొనుక్కుని తనే నడుపుకునేవాడికి దారి సులువు. మీరు డ్రైవర్ని పెట్టి నడిపిస్తున్నారు కాబట్టి అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. అప్పుడు సివిల్ కోర్టే దిక్కు కావచ్చు. కాబట్టి కేసు కన్నా బంకు దగ్గరే రాతపూర్వకంగా తేల్చుకోవడం నయం. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి, మామూలు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి ఇవ్వదు. దారిలో సాయం అనే యాడ్-ఆన్ కట్టి ఉంటే కొన్ని కంపెనీలు ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చు ఇస్తాయి, చూసుకోండి.

మిర్చియార్డు_ఓనరు:
బంకుతో పాటు మా డ్రైవర్ తప్పు కూడా ఉంది. దిగి నిలబడి చూసుకోవాలి కదా. సగం వాడి జీతంలో కోస్తే తప్పా?

నాజిల్_పట్టినోడు:
అన్నా, నేను బంకులో పనిచేసి మానేశాను. మీరెవరూ ఆ కుర్రాడి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఒకే మిషన్‌కి రెండు గన్నులూ వేలాడుతుంటాయి. పన్నెండు గంటల డ్యూటీ. బండివాడు అద్దం దించి "రెండు వేలకి కొట్టు" అంటాడు, ఏది అని చెప్పడు. ఒకప్పుడు చిన్న ట్రాలీ వచ్చిందంటే డీజిలే, ఆలోచించే పని లేదు. ఇప్పుడు టాటా ఏస్‌లోనే పెట్రోల్ ఉంది, డీజిల్ ఉంది, గ్యాస్ ఉంది, కరెంటు బండి కూడా ఉంది. బయటికి అన్నీ ఒకటే. పెట్రోల్ నాజిల్ సన్నం కాబట్టి డీజిల్ మూతిలో హాయిగా దిగుతుంది. డీజిల్ నాజిల్ లావు, పెట్రోల్ కారులో పట్టదు, అక్కడ వెంటనే తెలిసిపోతుంది.

పొరపాటు జరిగిన రోజు ఓనర్లిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. చివరికి కుర్రాడి జీతంలో కోస్తారు. ఇప్పుడు మీరు డ్రైవర్ జీతంలో కూడా కోద్దామంటున్నారు. మీ డ్రైవరు రేటు చూసి ఆపకపోతే ఫుల్ పెట్రోల్ కొట్టించుకుని అద్దంకి దాటాక ఆగేవాడు.

డాలస్_డీజిల్:
ఇక్కడ అమెరికాలో నా పికప్ ఫోర్డ్ డీజిల్. మూతి లోపల ఒక రెక్క ఉంటుంది, లావు నాజిల్ పెడితేనే తెరుచుకుంటుంది, సన్నటి పెట్రోల్ నాజిల్ లోపలికి పోదు. పైసా చేసే ప్లాస్టిక్ ముక్క. మన దగ్గర పికప్‌లకి కంపెనీలే అది బిగిస్తే ఈ చర్చే ఉండదు. రంగు మీద మాత్రం ఆధారపడకండి. ఇక్కడ ఎక్కువ చోట్ల పచ్చ పిడి అంటే డీజిల్, యూరప్ వెళ్తే పచ్చ అంటే పెట్రోల్.

కడప_లెక్కలు:
జీతం కోత గురించి: నష్టాన్ని జీతంలో పట్టుకోవాలంటే అది నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, ముందు అతను చెప్పేది వినాలి. మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఎవరూ వినరన్నది వేరే సంగతి. ఇక్కడ గన్ను పట్టింది బంకు మనిషి, ఆపింది మీ మనిషి. స్టార్ట్ చేయడం ఒక్కటే అతని మీద నిలుస్తుంది.

మిర్చియార్డు_ఓనరు:
తాజా సంగతి. టిక్కీలు వేరే బండిలోకి ఎక్కించి యార్డుకి పంపా. బండిని తాడు కట్టి షెడ్డుకి లాగించాం, బయట చెట్టు కింద ట్యాంకు దించారు. ఫిల్టర్ కోసి చూశాం, పొడి కనబడలేదు. కొత్త డీజిల్‌తో స్టార్ట్ అయింది, శబ్దం మామూలుగానే ఉంది. బంకువాళ్లు ఫిల్టరు, మెకానిక్ కూలి ఇస్తామని రాసిచ్చారు. మిర్చి ఎక్కించిన రెండో బండి కిరాయి మాత్రం ఇవ్వమంటున్నారు, దాని మీద ఇంకా గొడవే. డ్రైవర్ జీతం జోలికి పోను. తీసిన 27 లీటర్లు రెండు ఇనప క్యాన్లలో ఉంది. ఏం చేయను?

బేరం_బండి:
బైకులో కొంచెం కొంచెం పోసేయండి.

పంపుమేస్త్రి:
పోయొద్దు. నాలుగింట మూడు పాళ్లు డీజిల్ అది, ప్లగ్గు నల్లబడి బైకు ఆగుతుంది. కాలవలోనూ పోయొద్దు, ఎవరికీ అమ్మొద్దు. బంకువాళ్లనే వెనక్కి తీసుకోమనండి, రాతలో అది కూడా చేర్చండి.

ఎర్రలారీ:
వాళ్లు తీసుకోకుంటే ఇటు పంపు తమ్మీ. నా లారీది పాత మైకో పంపే, మేస్త్రి కూడా కాదనడు.

పంపుమేస్త్రి:
కాదనను. కానీ 7 లీటర్ల పెట్రోల్ నూటికి 5 పాళ్లకి దిగాలంటే మొత్తం 140 లీటర్లు కావాలి. మీ ట్యాంకులో ముందు 113 లీటర్లు డీజిల్ కొట్టించి, ఆ తర్వాత ఇది పోయండి. బీడీ పక్కన పెట్టి పోయండి.

ఎర్రలారీ:
బీడీ మానేసి ఆరేండ్లయింది. క్యాన్లు పంపమను.