అప్‌డేట్: మాంటా వీపు మీది నారింజ రంగు చేప ఏదో తేలింది

మెక్సికోలోని సొకోరో దీవి దగ్గర డైవింగ్‌లో తీసిన వీడియోలో, పెద్ద మాంటా రేని (రెక్కల్లాంటి ఈతరెక్కలున్న బల్లపరుపు చేప) పొడుస్తున్న నారింజ చేపలేంటని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. అవి క్లారియన్ ఏంజెల్‌ఫిష్‌లే. కింగ్ ఏంజెల్ అన్నవాళ్ళూ ఉన్నారు గానీ, ఎదిగిన కింగ్ ఏంజెల్‌ఫిష్ ముదురు నీలం, ఒంటి మీద నిలువుగా తెల్ల పట్టీ. ఇక్కడ ఆ ఊసే లేదు.

మీరన్నట్టే వీడియోని నెమ్మదిగా నడిపి చూశా. మాంటా రెక్కలాడించడం దాదాపు ఆపేసి అలా తేలుతూ ఉంటే, ఇవి చుట్టూ చేరి చర్మం మీది పరాన్నజీవుల్ని ఒక్కొక్కటిగా ఏరి తింటున్నాయి. దర్జాగా సేవ చేయించుకుంటోంది మహాతల్లి! రాళ్ళ సందులో సన్నటి నీలి చారలతో కనిపించినదీ ఇదే జాతి పిల్ల అట. పెరిగేకొద్దీ చారలు పోతాయి. నేనైతే వేరే చేపనుకునేవాణ్ణి.

ఈ క్లారియన్‌లు ఎందుకు అరుదు అంటే, ఇవి ఎక్కువగా సొకోరో ఉన్న రెవియాగిగెడో దీవుల చుట్టూనే ఉంటాయి. అక్వేరియం వాళ్ళ నుంచి వీటికి గిరాకీ ఎక్కువ. 2017 నుంచి సైటీస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, దేశం దాటించాలంటే పర్మిట్ ఉండాల్సిందే. పూర్తి నిషేధమైతే కాదు.