‘హిడెన్ చిల్డ్రన్’కి తెలుగులో ఏమనాలి?

నాజీల చేతికి చిక్కకుండా వేరేవాళ్ల ఇళ్లలో దాచి పెంచిన యూదు పిల్లల్ని ఇంగ్లీషులో అలా అంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అలాంటి పిల్లల గురించి వ్యాసం రాస్తూ ఈ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను.

1942–43లో అక్కడి శిశు సంరక్షణ కేంద్రం నుంచి సుమారు 600 మంది పిల్లల్ని దొంగచాటుగా తప్పించారు. రోడ్డుకి అవతల నాజీ కాపలా. మధ్యలో ట్రామ్ ఆగగానే, దాని చాటున పసివాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయేవారు. ఆపైన వేరే ఇల్లు, వేరే పేరు. 1945 తర్వాత అయినవాళ్లు వెతుక్కుంటూ వస్తే, పెంచినమ్మని వదిలి రానన్న పిల్లలున్నారు.

‘దాచిన పిల్లలు’ అంటే బీరువాలో డబ్బులా ఉంది. ‘అజ్ఞాత బాలలు’ అంటే దళంలో చేరినవాళ్లా అన్నాడు తమ్ముడు. ‘రహస్య సంతానం’ సంగతి చెప్పక్కర్లేదు! నిఘంటువులూ తిరగేశాను, లాభం లేదు. ముసలివాళ్లయ్యాక కూడా వాళ్లు చెప్పుకునే పేరిది, కాబట్టి గౌరవంగా ఉండాలి.

మీరైతే ఏ మాట వాడతారు?