మనవాటులో పాత బారు హోటల్ లీజుకు వస్తోంది, తీసుకోవచ్చా?

పల్నాటి కివీ

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర. తొమ్మిదేళ్ళుగా న్యూజిలాండ్‌లో, మనవాటు అనే ప్రాంతంలోని పామర్‌స్టన్ నార్త్‌లో డెయిరీ నడుపుతున్నాను. పాల డెయిరీ కాదు, ఇక్కడ వీధి చివర కిరాణా కొట్టుని అలాగే అంటారు. ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్ళో రెండంతస్తుల ఇటుక హోటల్ లీజుకు వస్తోంది. కింద బారు, కిచెన్. పైన 11 గదులు. ముందు గోడ మీద 1908 అని ఉంది. హోటల్ తీసుకుంటున్నానని ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "పిండి రుబ్బేదెవర్రా?" అంది. ఇక్కడ హోటల్ అంటే ముందు బారు, ఆ తర్వాతే గదులు అనేసరికి ఫోన్ నాన్నకిచ్చేసింది.

బ్రోకరు చూపించిన లెక్కల్లో బారు మీద రాబడి బాగానే ఉంది. గదులు మాత్రం నాలుగే అద్దెకిస్తున్నారు, మిగతావాటికి తాళాలు. తలుపు పక్కన నలుపు తెలుపు చారల అంచుతో ఒక నోటీసు అంటించి ఉంది. అదేంటంటే "పాత బిల్డింగులన్నిటికీ ఉండేదే" అన్నాడు. మా బావమరిది సగం పెడతానంటున్నాడు. ఏమేం చూసుకోవాలి? ఈ దేశంలో పాత హోటళ్ళన్నీ ఇలాగే ఉంటాయా?

బీమూ కాలమూ

అది అందరికీ ఉండేది కాదు సార్. భూకంపానికి తట్టుకోలేని కట్టడం అని కౌన్సిల్ ఇచ్చిన నోటీసు. కొత్త బిల్డింగుకి ఉండాల్సిన బలంలో 34 శాతం లేకపోతే ఇస్తారు. నలుపు తెలుపు చారలంటే 20 నుంచి 34 లోపు. 20 కన్నా తక్కువైతే నారింజ చారలు. ఆ లెక్కన మీది కాస్త నయమే.

1931లో నేపియర్ భూకంపం వచ్చాక, 1935లో గానీ ఇక్కడ భూకంపాన్ని లెక్కలోకి తీసుకునే కట్టడ నియమాలు రాలేదు. 1908 నాటి ఇటుక గోడకి ఆ ఊసే తెలియదు. బలపరచడానికి గడువు ఎప్పటిదాకానో నోటీసు మీదే ఉంటుంది, ఫోటో తీసుకోండి. 2024లో గడువులు నాలుగేళ్ళు పెంచారు. 2025లో అసలీ పద్ధతినే మార్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, కాబట్టి ఇవాళ్టి రూల్ ఏంటో కౌన్సిల్‌నే అడగండి. బ్రోకర్ని అడక్కండి. చిన్న ఊరి హోటలే కదా అనుకోవద్దు. చాటో టోంగరీరో 1929లో తెరిచిన పెద్ద హోటల్, బిల్డింగు ప్రభుత్వానిదే. భూకంప అంచనా బాగా రాక 2023 ఫిబ్రవరిలో మూతపడింది.

శారద, సౌత్ ఐలాండ్

మా ఆయనా నేనూ ఇలాంటి హోటలే ఆరేళ్ళు నడిపి పోయినేడాది వదిలేశాం. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు మీ రెండో ప్రశ్న. చాలావరకు ఇలాగే ఉంటాయి తమ్ముడూ, దానికో కథ ఉంది. 1917 డిసెంబరు నుంచి 1967 అక్టోబరు దాకా ఇక్కడ బార్లు సాయంత్రం ఆరింటికే మూసెయ్యాలి. ఐదింటికి పని దిగినవాళ్ళు ఆ ఒక్క గంటలోనే తాగినంత తాగేవాళ్ళు. ఒక్కో గ్లాసూ పట్టే టైం లేక గొట్టంతో నింపుకుంటూ పోయేవారట. మా బారు గోడలకి భుజాల ఎత్తు దాకా టైల్సే, రాత్రి నీళ్ళు కొట్టి కడిగేస్తే సరి. యజమానికి ఆ గంట డబ్బు చాలు. మరి పైన గదులెందుకంటే, గదులుంటేనే లైసెన్సు. కొత్త లైసెన్సులు కూడా దాదాపు ఇచ్చేవారు కాదు కాబట్టి ఎదురుగా ఇంకో హోటల్ లేస్తుందన్న బెంగ లేదు. ఇంక పై గదికి రంగెవరేస్తారు? 1967లో ఓటింగ్ పెట్టి ఆరు గంటల్ని పదికి మార్చారు. అప్పటికే ప్రయాణాలు చేసేవాళ్ళు మోటెళ్ళకి అలవాటు పడిపోతున్నారు.

అందుకని కింద బారు చూసి మురిసిపోకండి, పైకెళ్ళండి. మాకు చూపించిన రోజు మా అబ్బాయి పై వరండాలో గోలీ కింద పెట్టాడు. అది దానంతటదే దొర్లుకుంటూ ఏడో నంబరు గదిలోకి వెళ్ళిపోయింది. అందరం నవ్వుకున్నాం. నవ్వకుండా ఉండాల్సింది. తర్వాత ఆ గదిలో గోడ అడుగున చెక్కపట్టీని బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. వేలికి బొంబాయి రవ్వలాంటి పొడి. బోరర్ పురుగు ఎన్నేళ్ళుగా తింటోందో! ఆ వైపు నేల సగం మార్చాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ లీజు కాగితంలో ఉంది. అవుట్‌గోయింగ్స్, అంటే బిల్డింగు మీద పడే ఖర్చులు, అన్నీ అద్దెదారువే అని రాసుంటే మేము కౌన్సిల్ పన్ను వరకే అనుకున్నాం. బిల్డింగు ఇన్సూరెన్స్ కూడా అందులోదే. మూడో ఏడు ప్రీమియం కాగితం వస్తే మా ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. బలపరిచే ఖర్చు ఎవరిది, పని జరిగే నెలల్లో అద్దె కట్టాలా, బిల్డింగులోకి వెళ్ళొద్దని తాళం వేస్తే ఏంటి, ఈ మూడూ పేరుపేరునా రాయించండి. ఆ చివరిదాన్ని నో యాక్సెస్ క్లాజు అంటారు, క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత వచ్చింది. ఆస్‌బెస్టాస్ (పాత కట్టడాల్లో వాడిన హానికరమైన పీచు) ప్లాన్, భద్రతా ఏర్పాట్లు పనిచేస్తున్నాయని ఏటేటా తీసుకునే బిల్డింగ్ వారంట్ కాగితాలు ముందే చూపించమనండి.

మందు లైసెన్సుకి అంత టెన్షన్ పడొద్దు. చేతులు మారేటప్పుడు టెంపరరీ అథారిటీ అని తాత్కాలిక అనుమతి మూడు నెలల దాకా ఇస్తారు, ఈలోగా మీ పేరున అప్లై చేసుకోవచ్చు. మందు అమ్మే వేళల్లో బాధ్యత చూసుకునే డ్యూటీ మేనేజర్ సర్టిఫికెట్ మీ ఇద్దరిలో ఒకరికైనా ముందే ఉంటే మంచిది. లేదంటే ఉన్నవాళ్ళని జీతానికి పెట్టుకోవాలి.

పల్నాటి కివీ

చాలా థాంక్స్ అక్కా. బీమూ కాలమూ గారూ, మీకూనూ. నోటీసు ఫోటో తీశాను, గడువు మా లీజు కాలం లోపలే పడుతోంది. బ్రోకరు ఆ ముక్క చెప్పనేలేదు. మా అమ్మాయి దగ్గర గోలీ అడిగి తీసుకుని ఇవాళ పై గదులు చూద్దామని వెళ్ళాను. తాళాలు ఓనరు దగ్గరే ఉన్నాయట, ఓనరు బాలీలో ఉన్నాడట. అడ్వాన్సు మాత్రం శుక్రవారంలోగా కట్టమంటున్నారు.

శారద, సౌత్ ఐలాండ్

ఆయన్ని బాలీ నుంచి రానివ్వండి. బావమరిదిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి, వాన పడే రోజైతే ఇంకా మంచిది.